పెద్దమనిషి యగుట యెన్నడు?

మన తెలుగునాట బాలిక యీడేరినప్పుడు "పెద్దమనిషి యైనది" అందుము. ఊరి తగవులు తీర్చు వృద్ధుని సైతము పెద్దమనిషి యనియే పిలుతుము. పండ్రెండేండ్ల బాలికకును అరువదియేండ్ల వృద్ధునకును ఒక్కమాటయే చెల్లుచుండుట విచిత్రము గాదా? బిడ్డ పుట్టినది మొదలు పెరుగుట ముగియువఱకు దేహమున జరుగు మార్పులను కొంత పరిశీలించినచో, ఆ మాట యెంతవఱకు తగునో తెలియగలదు.

పెరుగుదల యన్నియేండ్లును ఒక్కతీరున సాగునది కాదు. ఫ్రాంసు దేశమున మోంబెయార్ అను ప్రభువు, 1759లో తనకు కుమారుడు జన్మించినది మొదలు వానికి పదునెనిమిదేండ్లు వచ్చువఱకు, ఇంచుమించు ఆఱునెలల కొకసారి వాని యెత్తు కొలిచి వ్రాసి యుంచెను. ప్రకృతిశాస్త్రజ్ఞుడగు బుఫాన్ ఆ లెక్కలను 1777లో ప్రకటించెను. ఒక తండ్రి యోపికవలన లభించిన యా పట్టిక నేటికిని శాస్త్రగ్రంథములలో కనబడుచున్నది. మొదటి యేట పెరుగుదల మిక్కిలి వేగము. పిదప ఏటేట తగ్గును. పదునాలుగవ యేటి ప్రాంతమున మరల విజృంభించి, ఆపై మెల్లగా నిలిచిపోవును. మన బాలురయందును క్రమ మిదియే.

శిశువు పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండును. ఏడాది నిండునప్పటికి 75 అగును. బరువు మూడింతలగును. ఈ వేగముననే పెరుగుచు పోయినచో పదియేండ్ల బాలుని తల ఇంటి దూలమునకు తగులును! పుట్టిన బిడ్డ పొడవులో నాలుగవవంతు తలయే. పెద్దవారికి ఎనిమిదవవంతు మాత్రమే. మెదడు తక్కిన యవయవములకంటె ముందుగా పెరుగుటయే యిందుకు కారణము. ఆఱేండ్లు వచ్చునప్పటికి అది తూకమున పెద్దవారి మెదడులో తొమ్మిది పదవవంతు లగును. నడక, మాట, పాలపండ్లు ఊడుట మున్నగునవి తల్లు లెఱుగని సంగతులు కావు గనుక వాని నిచట విడిచెదము. ఆఱు మొదలు పదియేండ్లవఱకు ఏటికి అయిదాఱు సెంటీమీటర్లు పెరుగుచు కాలము నెమ్మదిగా గడచును.

అటుపిమ్మటనే కలవరము. మెదడు క్రింద బఠాణీగింజంత యున్న పీయూషగ్రంథి పంపు రసములచే దేహ మంతయు మాఱుట కారంభించును. బాలికలకు ఈ మార్పు సాధారణముగా బాలురకంటె ముందే వచ్చును. కావుననే యేడవ తరగతి వరుసలో బాలికలు పొడవుగా నిలుతురు. పదవ తరగతి నాటికి లెక్క తాఱుమాఱగును. ముందు పాదములును చేతులును, పిదప కాళ్లును, కడపట మొండెమును సాగును. ఆఱునెలలకే చెప్పులు చాలలేదని తండ్రి విసుగుకొనుటయు, బాలుడు చేతిలోని గ్లాసును జారవిడుచుటయు ఈ దినములలోనే. గొంతు బొంగురుపోయిన బాలుడు తరగతిలో బిగ్గరగా చదువ నొల్లకుండుట మొండితనము కాదు. పదునాలుగేండ్లు వచ్చియు పొట్టిగా నున్నవానిని హేళన చేయువారు, కొందఱికి పెరుగుట ఆలస్యముగా వచ్చునని తెలిసికొందురు గాక.

ఇక బాలిక సంగతి. రజస్వల యగుట యీ మార్పులకు ఆరంభమును కాదు, అంతమును కాదు. అప్పటికి ఎత్తు పెరుగు వేగము తగ్గియున్నను పెరుగుట ఆగదు. కటియెముకలు ఇంకను కొన్నియేండ్లు విశాలమగుచునే యుండును. నెలనెల రక్తము పోవుటచే దేహమునకు ఇనుము మఱింత కావలెను. అట్టి కాలముననే కొన్ని యిండ్లలో బాలికకు అందఱును భుజించిన పిమ్మట మిగిలినది వడ్డింతురు. ఇది మాకు మిగుల కష్టము కలిగించు సంగతి. ఆకుకూరలు, పప్పు, గ్రుడ్లు, మాంసము మొదట పెట్టదగినది ఆమెకే. ఈ దశలో గర్భము ధరించినచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయ మధికము. కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాల్యవివాహములను ఖండించిన పిదప ననేక సంవత్సరములకు, 1929లో శారదాచట్టము బాలికకు 14, బాలునకు 18 సంవత్సరములను హద్దుగా నేర్పఱచెను. 1978లో వానిని 18, 21గా పెంచిరి.

బాలుర సంగతియు నిట్టిదే. నూనూగు మీసములు వచ్చినంత మాత్రమున మెదడు పక్వమైన దనరాదు. తూకము చాలినను, మంచిచెడ్డలను తూచి మనస్సును నిగ్రహించు ముందరి భాగము ఇరువది యేండ్లు దాటిన తరువాతను కుదుటపడుచునే యుండును. ఒంటరిగా నున్నప్పుడు జాగ్రత్తగా బస్సెక్కు బాలుడే నలుగురు స్నేహితు లుండగా మెట్టుమీద వ్రేలాడును. తెలియక కాదు, తెలిసినదానిని ఆ క్షణమున నిలుపుకొను శక్తి యింకను పూర్తిగా రాలేదు.

ఎనిమిదవ తరగతిలో చక్కగా చదువుచుండిన బాలిక పేరు మఱుసటి యేటి హాజరుపట్టీలో కనబడనప్పుడు ఉపాధ్యాయులు విచారింతురు. "పెద్దమనిషి యైనది గదా!" యని యింటివారు బదులు చెప్పుదురు. అప్పటికి ఆమె యెత్తు ఇంకను పెరుగవలసియున్నది, కటియెముకలు విరియవలసియున్నవి, లెక్కల పుస్తకమున సగము పాఠములు మిగిలియున్నవి.