బేస్మెంటు నేల మార్చుటకు ముందు

చిరంజీవి మేనల్లునకు మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఒహాయోలోని కొలంబసులో నున్న మీ యింటిని వేసవికి ముందే అమ్మజూపదలచితి వనియు, బేస్మెంటులో చివికి వెలసిన కార్పెట్టును తీసివేసి క్రొత్త నేల పరపించుటకు పనివానిని కుదుర్చుకొంటి వనియు నీవు వ్రాసినది చదివితిని. చూడవచ్చినవారి మనస్సు ఆ నేలను చూచుటతోనే విరుగునన్న నీ మాట సత్యమే. కాని ఆ కార్పెట్టు ఏల చెడెనో తెలిసికొనక మునుపు దానిపై ఒక్క డాలరైనను వ్యయపెట్టవలదని, ఈ రాష్ట్రమున చిరకాలము ఇండ్ల పునాదులు పరిశీలించినవాడనగుటచే, గట్టిగా చెప్పుచున్నాను.

మన గోదావరి జిల్లాలలో ఇల్లు కట్టువారు అడుగుమట్టమును వీధికంటె ఎత్తుగా లేపి, వాననీరు తనంతట తానే దిగువకు పోవునట్లు చూతురు. ఒహాయోలో శీతకాలమున మన్ను గడ్డకట్టును గనుక పునాదిని లోతునకు దింపక తప్పదు. ఆ లోతునే గదిగా మలచుకొనుటచే బేస్మెంటు సంవత్సరము పొడుగునను తడిమన్ను నడుమనే యుండును. కాంక్రీటు ఎంత గట్టిదైనను సూక్ష్మరంధ్రములు గలది యగుటచే క్రింది చెమ్మను పైకి పీల్చి ఆవిరిగా విడుచుచుండును. అది కార్పెట్టు క్రింద నిలిచి బూజును పెంచును. కావున కార్పెట్టును ఒక మూల యెత్తి, 18 అంగుళముల చదరపు ప్లాస్టిక్ ముక్కను కాంక్రీటుపై పరచి, నలువైపుల గాలి చొరకుండ టేపు అంటించి, 16 గంటలైన ఉంచి విప్పి చూడుము. దాని యడుగున చెమ్మ పట్టినను, కాంక్రీటు నల్లబడినను, తేమ క్రిందినుండియే వచ్చుచున్నదని గ్రహింపుము. పిమ్మట వాన కురియునప్పుడు గొడుగు వేసికొని ఇంటి చుట్టు తిరుగుము. గట్టరు గొట్టములు గోడ మొదటనే నీరు కుమ్మరించుచున్నచో వాటిని పొడిగింపుము. గోడనుండి మొదటి 10 అడుగులలో నేల 6 అంగుళములైన వాలి యుండునట్లు మన్ను పోయింపుము. బేస్మెంటు చెమ్మకు మందు తరచుగా బయటనే, ఈ రెండు చోట్లనే దొరకును; అందులకగు వ్యయమును స్వల్పము.

మీ యిల్లు 1950ల నాటిది గనుక మరియొక హెచ్చరిక. కార్పెట్టు క్రింద 9 అంగుళముల పాత పలకలును, నల్లని జిగురును బయటపడినచో పనివానిని వెంటనే ఆపుము. ఆ కాలపు పలకలలోను జిగురులోను ఆస్బెస్టాసు కలిసి యుండుట సామాన్యము. పగులక అంటియున్నంతవరకు దానివలన భయము లేదు; గీకినను అరగదీసినను దుమ్మై లేచి ఊపిరితిత్తులలో చేరును. మీ పిల్లలు ఆ గదిలోనే ఆడుకొందురు గదా! ఆ పని తెలిసినవారిచేత నమూనా తీయించి పరీక్షింపజేయుము. ఆస్బెస్టాసు ఉన్నదని తేలినచో పలకలను కదల్పక వాటిపైననే క్రొత్త నేల పరచుట మేలు.

మీ ఫ్రాంక్లిన్ కౌంటీలో, నేలనుండి ఇంటిలోనికి చొరబడి ఊపిరితిత్తులకు హాని చేయు రాడాన్ వాయువు అధికముగా నుండు నవకాశము కలదు గనుక దానినిగూడ ముందే కొలిపింపుము. లీటరు గాలికి 4 పికోక్యూరీలు గాని అంతకు మించి గాని తేలినచో, దానిని బయటికి పంపుటకు కాంక్రీటుకు రంధ్రము చేసి గొట్టము దింపవలసి వచ్చును. ఆ పని క్రొత్త నేల వేసిన తరువాత చేయుట ఎంత దుఃఖకరమో ఊహింపుము.

ఇక నేల మాట: కఱ్ఱపలకలు వలదు, మరల కార్పెట్టు వలదు, ఒకదానితో నొకటి తగులుకొను వినైల్ పలకలు చాలును. గోడవెంబడి పావు అంగుళము సందు విడువవలెను. నేల ఎంత లేచునో ముందే కొలిచికొనుము, ఏలయన మెట్లలో చివరిది పొట్టిదై దిగువారిని తడబరచును.

క్రొత్త నేల వేసినచో పాత తడిమచ్చ ఎవరికిని కానరాదని నీవు వ్రాసిన వాక్యము నన్ను మిక్కిలి బాధించినది. ఒహాయోలో ఇల్లు అమ్మువాడు పూరింపవలసిన పత్రమున, బేస్మెంటులోనికి ఎన్నడైన నీరు వచ్చినట్లు ఎరుగుదువా యని స్పష్టముగా అడిగెదరు. అచట లేదని వ్రాయుట చట్టవిరుద్ధము. అంతకు మించి, తాము కూడబెట్టినదంతయు ఇచ్చి నీవలెనే మొదటి యిల్లు కొను ఒక యువదంపతులకు బూజు పట్టబోవు గదిని అంటగట్టుటయే యగును. వచ్చిన నీటిని గూర్చియు, చేయించిన మరమ్మతును గూర్చియు ఉన్నదున్నట్లు వ్రాసి, రసీదులను, పరీక్షాఫలితములను ఆ పత్రమునకు జతపరుపుము. దాపరికము లేని యింటికి గిరాకి తగ్గునని భయపడకుము.

ప్లాస్టిక్ ముక్క క్రింద ఏమి కనబడెనో నాకు తెలుపుము; అంతవరకు పనివానికి బయానా ఈయకుము. చి. సౌ. అమ్మాయికిని పిల్లలకును నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ మామయ్య