ఫైలు అక్కడే ఉంది, గ్నూప్లాట్‌కే కనబడదు!

ప్రశ్న: విండోస్‌లో గ్నూప్లాట్ వాడుతున్నాను. 'టెంప్' ఫోల్డర్‌లోని ఫైలు పాత్‌ను డబుల్ కోట్స్‌లో ఇస్తే తెరవలేనంటోంది. ఏం చేయాలండీ?

జవాబు: తప్పు ఫైలుది కాదు, కోట్స్‌ది. డబుల్ కోట్స్‌లో బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న 'టి' వస్తే గ్నూప్లాట్ దాన్ని ట్యాబ్ అనుకుంటుంది, 'ఎన్' వస్తే కొత్త లైను. మీ 'టెంప్' మొదటి అక్షరాన్ని ట్యాబ్ మింగేసి 'ఎంప్' మిగిలింది. ఎర్రర్ మెసేజ్‌ను ఓసారి దగ్గరగా చూడండి, పాత్ మధ్యలో ఖాళీ కనబడుతుంది.

సింగిల్ కోట్స్ పెడితే బ్యాక్‌స్లాష్‌ను ఉన్నదున్నట్టే చదువుతుంది. నేనైతే ఫార్వర్డ్ స్లాషే వాడతాను, విండోస్ దానికి అడ్డు చెప్పదు. అప్పుడు ఏ కోట్స్ అయినా ఫర్వాలేదు. అన్నట్టు, వర్డ్ నుంచి కాపీ చేసిన వంపు కోట్స్ మాత్రం చెల్లవు. చెరిపేసి నోట్‌ప్యాడ్‌లో మళ్లీ కొట్టాల్సిందే.