శివయోగము – నిత్యజీవనము

యోగమను మాట నేడు పల్లెటూళ్లలో సైతము వినవచ్చుచున్నది. ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినముగా ప్రకటించినది. 2015 మొదలు ఏటేట ఆ దినమున పాఠశాలలలో, కార్యాలయములలో, మైదానములలో జనులు చాపలు పరచుకొని ఆసనములు వేయుచున్నారు. ఇది మెచ్చదగినదే. అయితే లింగధారులైన కుటుంబములలో ఒక వింత కనబడుచున్నది. ఉదయమున పార్కునకు పోయి గంటసేపు యోగాభ్యాసము చేయు గృహస్థు ఇంటికి వచ్చి, పూజకు తీరిక లేదని మెడలోని లింగకాయను కన్నుల కద్దుకొని ఉద్యోగమునకు బయలుదేరుచున్నాడు. యోగము వేరు, లింగపూజ వేరు అని అతని తలంపు. ఈ తలంపు ఎంతవరకు నిజమో విచారింపవలసియున్నది.

చిత్తవృత్తులను నిరోధించుటయే యోగమని పతంజలి మహర్షి తన సూత్రముల ఆరంభముననే నిర్వచించెను. ఆ నిర్వచనమున కాలుసేతుల ప్రసక్తియే లేదు. 190కి పైబడిన సూత్రములలో ప్రత్యేకముగా ఆసనమును గూర్చి చెప్పినవి మూడు మాత్రమే. ఎనిమిది అంగములలో ఆసనము మూడవది. దానికి ముందు అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను యమములును, శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను నియమములును గలవు. ఈ పదింటిని విడిచి ఆసనముతో ఆరంభించుట పునాది లేని గోడకు సున్నము వేయుట వంటిది. ఆసనమునకు తరువాత ప్రాణాయామము, ప్రత్యాహారము, ఆ మీదట ధారణ. చిత్తమును ఒకచోట కట్టివేయుట ధారణ. ఆ చోటనే తలంపు తెగక సాగిన అది ధ్యానము. ఆ చోటు ఏది? వీరశైవము అందులకు సాధకుని అరచేతినే చూపినది.

ఇష్టలింగపూజా విధానమును యోగదృష్టితో పరిశీలించిన ఈ విషయము తేటపడును. స్నానము చేసి, విభూతి ధరించి, వెన్ను నిటారుగ నిలిపి కూర్చుండవలెను. లింగమును ఎడమ అరచేత నుంచి, ఆ చేతిని కంటి కెదురుగా జానెడుకు కొంచెము మించిన దూరమున నిలుపవలెను. దీపము తగినచోట నున్నచో లింగముయొక్క నల్లని పైపూతపై ఆ వెలుగు చిన్న చుక్కవలె ప్రతిఫలించును. దృష్టిని ఆ చుక్కపై నిలుపవలెను. హఠయోగమున షట్కర్మలలో నొకటిగా చెప్పబడిన త్రాటకము ఇదియే. కన్నీరు వచ్చినచో పట్టుదలకు పోక కన్నులు మూసి, ఆ వెలుగునే లోపల తలపవలెను. కంటి వ్యాధి గలవారు వైద్యుని అడిగి చేయుట మంచిది. కొన్నాళ్లకు చేతిలోని లింగము శ్వాసతో కలియును, అది ప్రాణలింగము. శ్వాస గమనికయు సన్నగిల్లి భావమొక్కటియే మిగిలిన అది భావలింగము. స్థూల, సూక్ష్మ, కారణ దేహములకు ఇష్ట, ప్రాణ, భావలింగములను పెద్దలు చెప్పినది ఈ క్రమము ననుసరించియే. చెన్న సదాశివయోగి తన శివయోగప్రదీపికలో మంత్ర, లయ, హఠ, రాజయోగములను వివరించి, యోగాంగములను శివపూజకు అన్వయించి చూపెను. కావున పూజ చేయువాడు యోగము చేయుట లేదనుటయు, యోగము చేసితినని పూజను మానుటయు రెండును పొసగవు. ఇంక పెదవులు మంత్రము పలుకుచుండగా చూపు గోడ గడియారముపై నున్న పూజ సంగతి వేరు. అది యోగమును కాదు, పూజయు కాదు.

తీరిక లేదను మాట తరచుగా వినబడును. నేటి మానవుని అరచేయి దినమునకు ఎన్ని గంటలు సెల్‌ఫోనును మోయుచున్నదో లెక్కించుకొనిన ఆ మాట నిలువదు. అచట దృష్టి బొమ్మ వెంట బొమ్మకు దుముకుచుండును. ధారణకు ఇంతకంటె విరుద్ధమైన అభ్యాసము దొరకదు. అయినను నిజముగా తీరిక లేనివారును గలరు. రాత్రి డ్యూటీ చేయు నర్సునకు, తెల్లవారకమునుపే డిపోనకు పోవలసిన బస్సు డ్రైవరునకు ప్రాతఃకాల నియమము కుదరదు. పని ముగించి స్నానము చేసిన వేళయే వారికి పూజావేళ. గంటసేపు కూర్చుందునని పూని మూడవనాడు విడుచుటకంటె పది నిమిషములు ఏడాది పొడుగున సాగించుట మేలు. స్త్రీలకును దీక్ష, లింగధారణ, పూజ సమానముగా కలవు. శరణులు సూతకములను పాటింపలేదు గనుక ఆ విధమైన అడ్డును లేదు. ఉన్న అడ్డెల్ల వంటయిల్లే. ఇల్లాలు లింగపూజకు కూర్చుండిన ఆ పది నిమిషములు పొయ్యికడ భర్తయో కుమారుడో నిలువవలెను. పూజ ముగించుకొని ఫలహారమునకై కేకవేయు గృహస్థునకు ఇది తోచుట అరుదు.

ఇది యోగమునకు సగము. మిగిలిన సగము కాయకము. బసవేశ్వరుడు అడవికి పోయి తపస్సు చేసినవాడు కాడు. కళ్యాణమున కలచురి బిజ్జలుని కొలువులో భాండాగారము చూచిన ఉద్యోగి. చేతిలో రాజధనపు లెక్కలుండగా చిత్తమును శివునియందు నిలిపినవాడు. పాల్కురికి సోమనాథుని ద్విపద బసవపురాణము మూలమున ఈ చరిత్ర తెలుగువారికి తరతరములుగా తెలిసినదే.

ఆ కాలమువారే ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు. రాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చి, వండి, జంగములకు దాసోహము చేయుట వారి కాయకము. ఒకనాడు మారయ్య అనుభవమంటప గోష్ఠిలో లీనమై కాలము మరచెను. కాయకవేళ మించుచున్నదని లక్కమ్మ గుర్తుచేసి పంపెను. మరొకనాడు అతడు నిత్యమునకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆమె సంతోషింపలేదు, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే విడిచి రమ్మనెను. దొంగిలించిన బియ్యము కాదు, రాలినదే. అయినను నేటి అవసరమును మించినది. పతంజలి యమములలో కడపటిదైన అపరిగ్రహమునకు ఇంతకంటె తేటయైన వ్యాఖ్యానము కనబడదు. రేపటికని చేర్చిన గింజ నేటి చిత్తమును కదలించునని ఆ యిల్లాలు ఎరుగును. ధ్యానమున కాయకము మరచిన భర్తను ఆమె మందలించినది. కాయకమున మితము మరచిన భర్తను కూడ మందలించినది.

నేటి ఉద్యోగి బల్లక్రింద చేయి చాచి ఇంటికి వచ్చి, అదే చేతిలో లింగమునుంచి కూర్చుండినపుడు, దృష్టి ఎందుకు నిలువదో అతనికి వేరొకరు చెప్పనక్కరలేదు. ఏ ప్రాణాయామమును దానిని సరిచేయజాలదు. త్రాసున కొసరు తగ్గించిన వర్తకునకును, తరగతిలో చెప్పవలసిన పాఠమును ట్యూషనునకు దాచుకొన్న ఉపాధ్యాయునకును ఇదే చిక్కు.

పనియే పూజ గదా, వేరే పూజ యెందుకని వాదించువారును గలరు. వారు నులియ చందయ్య కథను చెప్పుదురు. తాళ్లు పేనుట కతని కాయకము. అందులకై గడ్డి కోయుచుండగా లింగము జారిపడెననియు, చందయ్య దానిని లెక్కచేయక పనిలోనే యుండెననియు కథ. వాదించువారు ఇంతటితో ఆపుదురు. కాని కథ ఇంకను కలదు. మడివాలు మాచయ్య వచ్చి నచ్చజెప్పగా చందయ్య లింగమును మరల స్వీకరించెను. పిమ్మట తాడునకు రావలసిన వెలకంటె ఎక్కువ ధనము వచ్చినపుడు దానిని అతడు ముట్టలేదు. పగలెల్ల, రాత్రి కొంతయు సంపాదనకే ఒడ్డి, దానికి కాయకమని పేరు పెట్టుకొనువారు ఈ రెండవ భాగమును చదువవలెను.

బాలురకు దీక్ష యిచ్చునపుడు లింగమును మెడలో కట్టి, భోజనములు ముగించి పంపివేయుట చాలచోట్ల ఆచారమైపోయినది. వాడు పెరిగి పట్టణమున హాస్టలునకు పోయినపుడు తోటివారు నవ్వుదురని దానిని పెట్టెలో దాచును. దీక్షనాటి సాయంకాలమున గురువు వానిని ఎదుట కూర్చుండబెట్టి, లింగమును అరచేత పట్టు విధము, చూపు నిలుపు విధము అయిదు నిమిషములు చేయించి చూపవచ్చును. వారమునకొకసారి తల్లిదండ్రులు వానితో కలిసి కూర్చుండవచ్చును. మఠములలో వేసవి సెలవులలో జరుగు శిబిరములందు ఆసనములకు కేటాయించు వేళలో కొంత దీనికి ఇచ్చిన, వేరు ఖర్చును లేదు, వేరు ఉపకరణమును అక్కరలేదు.