పొయ్యి పొగ, ఆగని ఆయాసం

ప్రశ్న: అమ్మకు సీఓపీడీ అన్నారు. చుట్ట, బీడీ ఎరగదు. ఆయాసంతో గడప దాటడం మానేసింది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, చోడవరం

జవాబు: సీఓపీడీ అంటే ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు. పొగ తాగని ఆడవాళ్లకూ ఇది వస్తుంది. ఏళ్ల తరబడి పీల్చిన కట్టెల పొయ్యి పొగ చాలు. గోవాడ, అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండేచోట చెరకు పిప్పి మండించే పొగ కూడా ఊపిరితిత్తులకు చేటే.

దెబ్బతిన్న ఊపిరితిత్తులు మునుపటిలా కావు. ఆయాసాన్ని మాత్రం అదుపులో పెట్టవచ్చు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది ఉత్త భయం. అసలు చిక్కు వాడే తీరులోనే. స్ప్రే రకమైతే బాగా ఊపాలి, ఊపిరి వదలాలి, నొక్కుతూనే మెల్లగా పీల్చాలి, పది సెకన్లు బిగబట్టాలి. డాక్టరు ఎదుట ఒకసారి చేసి చూపించడం మేలు.

విశాఖ పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది. అక్కడ శ్వాస వ్యాయామాల గురించీ అడగాలి.

గడప దాటడం మానేశారు కాబట్టి, ఇక తోడు సంగతి. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే, వచ్చే సమావేశం ఆమె ఇంటి అరుగు మీదే పెట్టమనండి.