రాజులా ఆడాలంటే: మధ్యయుగపు స్ట్రాటజీ గేమ్‌లపై సందేహాలు - సమాధానాలు

క్రూసేడర్ కింగ్స్ 3 కొన్న కొత్తలో నిద్ర మానుకుని ఆడాను. ఇప్పుడు 1066లో ఎవరితో మొదలుపెట్టినా వందేళ్ళు తిరిగేసరికి నాకు ఎదురు నిలిచేవాడు ఉండట్లేదు. విసుగొచ్చి ఆపేస్తున్నాను. సొంతంగా నియమాలు పెట్టుకుని ఆడితే ఏమైనా మారుతుందా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

తప్పకుండా మారుతుంది. ఇలాంటి గేముల్లో ఒక గెలుపు ఇంకో గెలుపును తెస్తుంది. భూమి పెరిగితే పన్ను, పన్ను పెరిగితే సైన్యం, సైన్యంతో మళ్ళీ భూమి. మీ తాత రాజూ, తండ్రి రాజూ, మనవడు రాజూ ఒకేలా ఆలోచిస్తున్నారు, ఎందుకంటే ముగ్గురి తలలోనూ మీరే కూర్చున్నారు. విసుగు పుట్టేది అక్కడే.

దీనికి మందు గేమ్‌లోనే ఉంది. ప్రతి రాజుకీ కొన్ని గుణాలు, అంటే ట్రెయిట్స్ ఉంటాయి. గుణానికి విరుద్ధంగా నడిస్తే స్ట్రెస్ పెరుగుతుంది. అది వంద దాటిందంటే రాజు మనసు చెదిరి తాగుడుకో, తిండికో, ఇంకో వ్యసనానికో లొంగిపోతాడు. చాలామంది దీన్ని జరిమానాలా చూస్తారు. మీరు ఆజ్ఞలా తీసుకోండి. మొదటి నియమం ఇదొక్కటే పెట్టుకోండి: స్ట్రెస్ పెంచుతుందని తెలిసిన ఏ పనీ నా రాజు చేయడు.

ఉదాహరణకు, తిరగబడి ఓడిన సామంతుడు మీ చెరలో ఉన్నాడు. చంపేస్తే ఆ తలనొప్పి వదులుతుంది. కానీ మీ రాజుకు కంపాషనేట్ అనే గుణం ఉంది, దయగలవాడు. మరణశిక్ష దగ్గర స్ట్రెస్ గుర్తు కనిపిస్తోంది. నియమం ప్రకారం వాడిని చంపకూడదు. వదిలేస్తే కొన్నేళ్ళకు వాడే మళ్ళీ కత్తి దూయొచ్చు. ఆ కత్తి మీ రాజు దయకు పడిన వెల. ఇకపై మీ వంశంలో ఏ ఇద్దరు రాజులూ ఒకేలా పాలించరు.

యువరాజు హఠాత్తుగా చనిపోతే మనసొప్పక పాత సేవ్ లోడ్ చేస్తాను. ఇది తప్పంటారా?
– బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు

మీ ఆట మీ ఇష్టం, తప్పేమీ కాదు. కానీ లోడ్ చేసిన ప్రతిసారీ ఒక మంచి కథ చేజారిపోతుంది.

1120 నవంబరు 25 రాత్రి నార్మండీ తీరంలోని బార్‌ఫ్లర్ దగ్గర వైట్ షిప్ అనే ఓడ మునిగింది. ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీకి చట్టబద్ధంగా పుట్టిన ఏకైక కొడుకు విలియం అందులో పోయాడు. అతనికి 17 ఏళ్ళు. హెన్రీ తన కూతురు మటిల్డాను వారసురాలిగా ఒప్పుకోమని సామంతుల చేత ప్రమాణం చేయించాడు. 1135లో ఆయన కన్నుమూయగానే మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టేసుకున్నాడు. ఆ స్టీఫెన్ కూడా అదే ఓడ ఎక్కి, బయలుదేరేలోపే దిగిపోయినవాడని చెబుతారు. తర్వాత ఏళ్ళ తరబడి అంతర్యుద్ధం. చివరికి 1154లో మటిల్డా కొడుకు రెండో హెన్రీ రాజయ్యాడు. ప్లాంటాజెనెట్ వంశం గద్దెనెక్కడానికి దారి వేసింది ఆ ఒక్క ఓడ ప్రమాదమే.

మీ తెర మీద యువరాజు చనిపోయినప్పుడు మీ చేతికి వచ్చేది సరిగ్గా అలాంటి ఘట్టమే. ఒకటే సేవ్ ఉండే ఐరన్‌మ్యాన్ మోడ్ పెట్టుకుంటే ఆశపడే అవకాశమే ఉండదు. అంత కఠినంగా వద్దనుకుంటే ఒక మినహాయింపు ఉంచుకోండి: గేమ్ హ్యాంగైనా, వేలు జారి తప్పు బొత్తాం నొక్కినా లోడ్ చేయవచ్చు. చావుకీ, ఓటమికీ మాత్రం చేయకూడదు.

నేను ఇంకా మెడీవల్ 2: టోటల్ వార్ ఆడుతున్నాను. ఇందులో స్ట్రెస్ లాంటివేమీ లేవు. దీనికెలాంటి నియమాలు పెట్టుకోవాలి?
– వ్యాపారి, తెనాలి

2006లో వచ్చిన ఆట అయినా పాత్రను పట్టుకుని ఆడటానికి అందులో బోలెడంత చోటు ఉంది. సేనాపతులకు షివల్రీ, డ్రెడ్ అని రెండు దారులున్నాయి. పట్టుబడ్డవాళ్ళను వదిలేస్తే మొదటిది, చంపితే రెండోది పెరుగుతుంది. రాజు గద్దెనెక్కినప్పుడు ఏ వైపు మొగ్గి ఉంటే చచ్చేదాకా అదే దారిలో నడవాలని నియమం పెట్టండి. ధర్మ యోధుడిగా పేరున్న రాజు, ఎంత కసి ఉన్నా, పట్టుకున్న ఊరిని ఊచకోత కోయకూడదు.

రెండో నియమం: రాజు బతికుండగా పెద్ద యుద్ధాలకు అతనే వెళ్ళాలి, ఆ యుద్ధాన్ని మీరే మైదానంలో నడపాలి, ఆటో రిజాల్వ్ వద్దు. 1199లో సింహహృదయుడు రిచర్డ్ షాలూ అనే చిన్న కోట ముట్టడిలో బాణం దెబ్బకు పోయాడు. ఆ ప్రమాదం మీ రాజుకూ ఉండాలి.

మూడోది: ఒక నగరం పట్టాక ఆ సైన్యం నాలుగు టర్న్‌ల పాటు కదలకూడదు. నాటి ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో సామంతుడు రాజుకు చేయాల్సిన యుద్ధ సేవ వాడుక ప్రకారం ఏటా 40 రోజులు. గడువు తీరితే ఇంటిముఖం పట్టడం అతని హక్కు. ఎడతెరిపి లేకుండా కోట మీద కోట పట్టుకుంటూ పోయే సైన్యం ఆ కాలపు సైన్యం కాదు.

నాలుగోది మాట నిలబెట్టుకోవడం. 1356లో పొయిటియే దగ్గర ఇంగ్లిష్‌వాళ్ళకు చిక్కిన ఫ్రెంచి రాజు రెండో జాన్‌కు 30 లక్షల బంగారు ఎక్యూల వెల కట్టారు. డబ్బు పూర్తిగా తీరకముందే అతన్ని వదిలి, కొడుకునూ మరికొందరినీ పూచీగా ఉంచుకున్నారు. ఆ కొడుకు పారిపోయాడు. ఇచ్చిన మాట పోయిందని జాన్ తనంతట తానే లండన్‌కు తిరిగి వెళ్ళి, 1364లో అక్కడే చనిపోయాడు. మీ మిత్ర రాజ్యం సరిహద్దు కోట ఖాళీగా కనిపించి నోరూరినప్పుడు జాన్‌ను తలచుకోండి.

నాకు నలుగురు కొడుకులు. నేను పోగానే రాజ్యం ముక్కలవుతుంది. ముగ్గుర్ని విషం పెట్టి చంపించడం తప్ప ఇంకో దారి కనిపించట్లేదు.
– పాఠకుడు, కర్నూలు

పంచుకోనివ్వండి. షార్లమేన్ మనవలు ముగ్గురూ కొట్టుకుని 843లో వెర్డన్ ఒప్పందంతో సామ్రాజ్యాన్ని పంచుకున్నారు. క్రూసేడర్ కింగ్స్ 3ని 867లో తెరిస్తే వాళ్ళలో ఇద్దరు, జర్మన్ లూయీ, చార్లెస్ ది బాల్డ్, ఇంకా గద్దెల మీదే ఉంటారు. ఆ ఆరంభం రక్తి కట్టేది ఆ పంపకం వల్లే. నియమం: రక్తసంబంధీకుల హత్య కర్కశుడో క్రూరుడో అయిన రాజుకే చెల్లుతుంది, అదీ జీవితంలో ఒక్కసారి. మిగతావాళ్ళు తమ్ముళ్ళతో పొత్తు పెట్టుకోవాలి, లేదా న్యాయంగా యుద్ధం చేసి గెలవాలి.

మన తెలుగు రాజులతో ఆడొచ్చా? వాళ్ళకు సరిపోయే నియమాలు చెప్పగలరా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

ఆడొచ్చు. క్రూసేడర్ కింగ్స్ 2లో 2014లో వచ్చిన రాజాస్ ఆఫ్ ఇండియా అనే ఎక్స్‌పాన్షన్‌తో మన దేశం మ్యాపులోకి చేరింది, మూడో భాగంలో మొదటి నుంచే ఉంది. నేనైతే వేంగిని ఎంచుకోమంటాను. అటు కల్యాణి చాళుక్యులు, ఇటు చోళులు, నడుమ వేంగి. వేంగి రాజు రాజరాజ నరేంద్రుడి తల్లి కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు, భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. కల్యాణి వాళ్ళ అండతో సవతి తమ్ముడు విజయాదిత్యుడు ఆయనకు పక్కలో బల్లెం అయ్యాడు. చివరికి రాజరాజ నరేంద్రుడి కొడుకే 1070లో కులోత్తుంగుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. వేంగి సైన్యం గెలవలేని చోళ పీఠం వేంగి బిడ్డకు దక్కింది.

అందుకే ఈ నియమాలు: తరానికి ఒక్కటైనా చోళ సంబంధం కలుపుకోవాలి. తల్లి పుట్టింటి మీద మీరుగా యుద్ధం ప్రకటించకూడదు. సవతి తమ్ముడిని చంపకూడదు, భూమి ఇచ్చి కొలువులో ఉంచుకోవాలి. నన్నయ చేత భారతం మొదలుపెట్టించిన రాజు ఇల్లు కాబట్టి, ప్రతి రాజూ ఒక్క కట్టడమైనా, ఒక్క విద్యా కార్యమైనా పూర్తి చేశాకే కొత్త యుద్ధానికి దిగాలి.

నియమాలు ఎక్కువైపోయి గుర్తుండట్లేదు, అవసరమైతే మధ్యలో మార్చేస్తున్నాను. పైగా వీటివల్ల ఓడిపోతున్నాను. ఇంత కష్టం దేనికి?
– ఉపాధ్యాయుడు, నల్గొండ

పైన చెప్పినవాటిలో నచ్చినవి ఏరుకోండి, మూడుకు మించి పెట్టుకోకండి. ఆట మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించండి. ఒక రాజు బతికున్నంతకాలం వాటిని మార్చకూడదు, కొత్త రాజు పట్టాభిషేకం నాడు కావాలంటే తిరగరాసుకోండి. రెండు దారులూ రాజు గుణానికి సరిపోయేలా ఉంటే పాచిక వేయండి. సరి వస్తే ఒకటి, బేసి వస్తే ఇంకోటి.

ఓటమి మాటకొస్తే, నష్టం తెచ్చే చోటే నియమానికి విలువ. లాభం ఉన్నప్పుడు దయ చూపడం లెక్క, నష్టమని తెలిసీ దయ చూపితే అది రాజు స్వభావం. క్రూసేడర్ కింగ్స్‌లో రాజ్యం పోయినా మీ వారసుడి చేతిలో ఒక్క కౌంటీ మిగిలితే ఆట నడుస్తుంది. తాత దయ వల్ల పోగొట్టుకున్న కోటను మనవడు పంతం పట్టి తిరిగి సాధించడం, ఎదురులేని చక్రవర్తిగా ఇంకో వందేళ్ళు గడపడం కంటే ఎన్నో రెట్లు గొప్ప ఆట. కాబట్టి ఈసారి ఓడినప్పుడు ఆట మూసేయకండి. మిగిలిన ఆ ఒక్క కౌంటీతో కొనసాగించండి, నియమాలు మూడూ అలాగే ఉంచండి.