పేరు లేని సమాధులు



నవంబరు 2న ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి గ్రామాలలోనైనా మన కుటుంబాలు సమాధుల దగ్గరకు వెళ్తాయి. ముందే కలుపు పీకి, సున్నం వేసి, పూలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటాం. సిలువ విరిగిపోయినా, "తాతయ్యను పెట్టింది ఇక్కడే" అని చూపించే పెద్దవారు ఒకరుంటారు. అలా చూపించేవారే లేని మృతుల సంగతి ఏమిటి? ఈ వారం దానిని తెలుసుకుందాం.

రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సైన్యం సయాం (నేటి థాయ్‌లాండ్) నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయించింది. 1942లో మొదలైన ఆ పని 1943 అక్టోబరులో ముగిసింది. సుమారు 60,000 మంది యుద్ధఖైదీలను, వారికి మూడింతలు పైగా ఆసియా కూలీలను అడవుల్లోకి తోలారు. మలయా తోటల నుండి తీసుకుపోయిన భారతీయ కూలీలలో ఎక్కువమంది తమిళులు. తెలుగువారూ ఉన్నారు. పొట్టకూటి కోసం విశాఖ, గోదావరి ప్రాంతాల నుండి ఓడ ఎక్కినవారి కుటుంబాలవి. కలరా, మలేరియా, జిగట విరేచనాలు, ఆకలి వారిని బలిగొన్నాయి.

ఖైదీలలో 12,000 మందికి పైగా మరణించారు. కూలీలలో 90,000 మంది వరకు మరణించి ఉంటారని అంచనా. ఇది అంచనా మాత్రమే, ఎందుకంటే వారిని ఎవరూ లెక్క పెట్టలేదు.

యుద్ధం ముగియగానే, 1945 సెప్టెంబరులో, సమాధులను వెదికే సైనిక బృందం ఒకటి ఆ మార్గం వెంట బయలుదేరింది. ఖైదీలు ప్రాణాలకు తెగించి రాసి దాచిన జాబితాలు, పటాలు దారి చూపాయి. 144 చోట్ల పదివేలకు పైగా సమాధులు దొరికాయి. తరువాత ఆ అవశేషాలను కాంచనాబురి, చుంకాయ్, తాన్‌బ్యూజయాత్ శ్మశానాలకు చేర్చారు. పేరు తెలిసిన ప్రతివానికి పేరుతో గుర్తు నిలిపారు.

కూలీలకు అటువంటి జాబితా లేదు. కలరా సోకిన గుడిసెలలో చనిపోయినవారిని గోతుల్లో కలిపి పూడ్చారు. 1990 నవంబరులో కాంచనాబురిలో ఒక పొలం తవ్వగా అటువంటి గొయ్యి బయటపడింది. ఎముకలు దొరికాయి, పేర్లు దొరకలేదు.

ఇంతకాలం తరువాత వెదికి ప్రయోజనమేమిటని కొందరు అడగవచ్చు. ఐరోపాలోని స్లొవేనియాను చూడండి. 1945లో యుద్ధం ముగిశాక అక్కడ విచారణ లేకుండా చంపి పూడ్చినవారి గురించి దశాబ్దాలపాటు నోరెత్తే వీలు లేదు. 2005లో ప్రభుత్వమే ఒక సంఘాన్ని నియమించింది. వారు పెద్దల సాక్ష్యం విని, అనుమానమున్న చోట తవ్వి చూసి, ప్రతి స్థలాన్ని రికార్డులో చేర్చారు. 600కు పైగా స్థలాలు నమోదయ్యాయి. 2009లో హుదా యామా అనే చోట, గోడలు కట్టి మూసిన పాత గనిని తెరిచారు. అందులో దొరికిన సుమారు 1,400 మంది అవశేషాలకు 2016లో మారిబోర్ నగరంలో గౌరవంగా భూస్థాపన జరిగింది. సాక్ష్యం చెప్పే పెద్దలు బ్రతికి ఉండడం ఆ పనికి ఎంతో ఉపకరించింది.

నీనెవెలో తోబీతు, రాజు చంపించి పారవేసిన తనవారిని రహస్యంగా పాతిపెట్టాడు. అందుకు ఆస్తి అంతా పోగొట్టుకున్నాడు. మృతులను పాతిపెట్టడం కారుణ్యకార్యాలలో ఒకటని శ్రీసభ మనకు నేర్పుతుంది. అడవిలోని గొయ్యిని మనం వెదకలేకపోవచ్చు. జాబితాకు ఒక పేరు మాత్రం అందించగలం.

ఈ వారం మీ ఇంటి పెద్దలను అడగండి. మన కుటుంబంలో రంగూనుకో, మలయాకో వెళ్లి తిరిగిరానివారు ఎవరైనా ఉన్నారా? పేరు, తండ్రి పేరు, ఊరు, వెళ్లిన సంవత్సరం తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాయండి. ఒక ప్రతి ఇంట్లో ఉంచుకొని, మరొకటి విచారణ గురువులకు ఇవ్వండి. నవంబరు 2 దివ్యపూజలో ఆ పేరు కూడా వినబడనివ్వండి.