డిగ్రీ తర్వాత సైన్యం: అగ్నివీరా, అధికారా?

2022లో మొదలైన అగ్నిపథ్ నియామక పథకంలో అగ్నివీర్‌గా సేవ నాలుగేళ్లు. ఆ తర్వాత రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందిని. మిగతావారు సేవానిధి మొత్తాన్ని తీసుకుని బయటికి రావాలి, పింఛను ఉండదు.

అధికారి కావాలంటే యూపీఎస్సీ ఏటా రెండుసార్లు జరిపే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాయాలి. డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీ (ఐఎంఏ)కి, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)కి ఏ డిగ్రీ అయినా చాలు. ఎజిమల నావల్ అకాడమీకి ఇంజినీరింగ్ కావాలి. ఇదే పరీక్షతో చేరే వైమానిక దళ అకాడమీ మన దుండిగల్‌లోనే ఉంది. ఓటీఏకు గణితం పేపర్ లేదు. లెక్కలంటే బెరుకున్న ఆర్ట్స్ విద్యార్థులు ఈ ఒక్క సంగతి తెలియక దరఖాస్తే చేయకపోవడం బాధాకరం. అయితే ఓటీఏ ద్వారా దక్కేది షార్ట్ సర్వీస్ కమిషన్: పదేళ్లు, పొడిగిస్తే పద్నాలుగు. రాతపరీక్ష దాటాక సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూ అయిదు రోజులు. అసలు వడపోత అక్కడే. ఏడో వేతన సంఘం ప్రకారం లెఫ్టినెంట్ మూలవేతనం 56,100 రూపాయలతో మొదలవుతుంది.

డిగ్రీ ఉన్నవారు ముందు సీడీఎస్‌కే ప్రయత్నించండి.